మావయ్య నారింజ తేనె

ఆ ఇంటి కోడలి అసలు పేరు ఎవరికీ గుర్తు లేదంటే నమ్మండి. అత్తయ్య మొదలుకొని వీధి చివర బ్రెడ్డు కొట్టాయన దాకా అందరికీ ఆమె "ముక్కు". పెళ్లై వచ్చిన కొత్తలో వంటింట్లో అడుగు పెట్టీ పెట్టగానే, డబ్బా మూత కూడా తియ్యకుండానే, నూనె పాతబడిందని చెప్పిందట. అత్తయ్యకి ఒళ్లు మండిన మాట నిజం, నూనె పాతదన్న మాటా నిజం. ఇక ఆ పేరు అలాగే అతుక్కుపోయింది.

ఆమె ఉద్యోగం కూడా ఆ ముక్కుకి తగినదే. తేనె పరీక్షించే లాబొరేటరీలో కెమిస్టు. సీసా మీద ఫలానా పువ్వు తేనె అని రాసి ఉంటే, అది నిజంగా ఆ పువ్వుదా, రాసినవాళ్ల ఆశా అన్నది తేల్చడం వాళ్ల పని. చూడ్డానికి తేనెలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి గానీ, ఏ పువ్వుకా పువ్వు తన వాసనలు కొన్ని తేనెలో వదిలిపెడుతుంది. తేనెని చిన్న గాజు బుడ్డిలో పోసి, బిగించి, వెచ్చబెడితే ఆ వాసనలు పైకి లేస్తాయి. వాటిని సూదితో పట్టి మిషన్లోకి ఎక్కిస్తే, చుట్టలు చుట్టిన సన్నటి గొట్టంలోంచి ఒక్కొక్కటే విడివిడిగా బయటికొస్తాయి. ఒక్కోదానికీ తెర మీద ఒక్కో గీత నిలువుగా లేస్తుంది. ఏ గీత ఎక్కడ లేచిందో చూసి పువ్వు పేరు చెప్పొచ్చు.

నారింజ పూల తేనెకైతే ఒక పదార్థం ఉండి తీరాలి. దాని పేరు నోరు తిరగదు కాబట్టి లాబ్‌లో అందరూ దాన్ని "పెళ్లికూతురు" అంటారు. చుట్టాలు ఎంతమంది దిగినా, పెళ్లికూతురు రాకపోతే అది పెళ్లి కాదు కదా. అక్కడా అంతే.

ఇక మావయ్య సంగతి. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో నిమ్మళంగా కూర్చోమంటే కూర్చునే రకం కాదు. టిక్కెట్లు కొట్టిన చెయ్యి ఊరుకోదంటూ పెరటి గోడ పక్కన తేనెపెట్టెలు పెట్టాడు. రోడ్డుకి అవతల పెద్ద నారింజ తోట ఉంది. ఇంకేం కావాలి, మన తేనె నారింజ పూల తేనె అని ఊరూవాడా చెప్పుకున్నాడు. చుట్టాలకి పంచాడు, పాత డ్రైవర్లకి పంచాడు, కోడలి పుట్టింటికీ పంపాడు. అందరూ మూత తీసి, "అబ్బ, నారింజ వాసన గుప్పుమంటోంది" అన్నవాళ్లే. ముక్కు కూడా అన్నది. ఇంట్లో తేనెని మిషన్ ఎక్కించాలని ఆమెకి ఎప్పుడూ తోచలేదు. ఇంట్లో తేనె తినడానికి. పైగా ముక్కులకి కూడా చుట్టరికాలు ఉంటాయేమో, ఎవరు చూడొచ్చారు.

ఆయన సంతోషంలో ఒక్కటే కొరత, గోడవతల టైలరు. ఒకప్పుడు ఇద్దరూ ప్రాణస్నేహితులు. టైలరు పెరట్లో జామాయిల్ చెట్టు ఒకటి ఉంది, ఆకాశానికి నిచ్చెన వేసినట్టు పెరిగింది. ఆకులు రాలితే సగం మావయ్య పెరట్లోనే. చీలికలు చీలికలుగా ఊడే బెరడు వచ్చి తేనెపెట్టెల మీదా, నీళ్లుపోయే గొట్టంలోనూ పడుతుంది. మొదట్లో నవ్వుతూ చెప్పాడు, తర్వాత విసుగ్గా చెప్పాడు, ఆ తర్వాత చెప్పడం మానేసి మున్సిపల్ ఆఫీసు వాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఇద్దరి మధ్యా ఉప్పూ నిప్పూ అయింది. చివరికి ఆఫీసువాళ్లు టైలరుకి చెట్టు కొట్టుకోడానికి అనుమతి ఇచ్చారు. కొట్టి తీరాలని ఏం లేదు. కానీ టైలరుకీ వినీ వినీ ప్రాణం విసిగిపోయింది. పీడా వదిలిపోతుంది, శుక్రవారం కొట్టించేస్తానన్నాడు.

ఆ కబురు వచ్చిన వారమే మావయ్య తన తేనెని తేనె సంఘానికి పంపాడు. పరీక్షలో నిలిస్తే సంఘంవాళ్లు సీసా మీద "ఒకే పువ్వు తేనె" అని ముద్ర వేసిస్తారు. ఆ ముద్ర మీద ఆయనకి ప్రాణం. ఆ పరీక్షలు కోడలి లాబ్‌లోనే కదా, ఒక మాట వెయ్యమను అని అత్తయ్య అంటే కస్సుమన్నాడు. "సర్వీసంతా ఒక్కణ్ణి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకోలేదు, ఇప్పుడు నేను ఎక్కుతానా?" అన్నాడు. ఆ మాటకి కోడలికి ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేం.

బుధవారం ఉదయం ఆమె వరసలో ఉన్న బుడ్లకి మూతలు తీస్తోంది. లాబ్‌కి వచ్చే తేనెల మీద పేర్లుండవు, నంబర్లే. ఒక మూత తీసింది, చెయ్యి ఆగిపోయింది. నారింజే. కానీ పువ్వు కాదు. కాలిన తొక్క.

ఆ వాసన ఆమెకి తెలుసు. తేనె తీసేటప్పుడు తేనెటీగలు శాంతించడానికి రేకు డబ్బాలో ఏదో ఒకటి కాల్చి పొగ పెడతారు. అందరూ గోనెగుడ్డో, రంపప్పొట్టో వేస్తారు. మావయ్య మాత్రం ఏడాదంతా ఇంట్లో తిన్న నారింజపళ్ల తొక్కలు ఒక్కటీ పారెయ్యనివ్వడు, మేడ మీద ఎండబెట్టి దాస్తాడు. నారింజ తేనెకి నారింజ పొగే పట్టాలని ఆయన సిద్ధాంతం. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ బుద్ధి పుట్టి ఉండదు. ఆ బుడ్డి ఎవరిదో చెప్పడానికి నంబరు అక్కర్లేకపోయింది.

ఆమె మూత బిగించి తిన్నగా పై ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన్ని అందరూ డబుల్ సార్ అంటారు. ప్రతి పరీక్షా రెండుసార్లు చెయ్యందే సంతకం పెట్టడు. బూట్ల తాడు కూడా రెండు ముళ్లు వేసుకుంటాడు. ఇది మా మావయ్య తేనె అనుకుంటున్నాను సార్, నేను పక్కకి తప్పుకుంటాను అని చెప్పింది. ఆయన ఆమెని మెచ్చుకోనూ లేదు, ఆశ్చర్యపోనూ లేదు. బుడ్డి తీసుకుని, తనే చేస్తానని, చూస్తే చూడొచ్చు గానీ చెయ్యి పెట్టొద్దని, పంపినవాళ్లకి చేరేదాకా ఫలితం గురించి నోరు మెదపొద్దని చెప్పాడు. రూలు ఆమెకి తెలిసిందే.

చూడకుండా ఉండొచ్చు కదా? ఉండలేకపోయింది. సాయంత్రానికి తెర మీద గీతలు లేచాయి. తొక్కలో ఉండే నూనె తాలూకు గీత నిటారుగా నిలబడింది. పక్కనే పొగ తాలూకువి గుంపుగా వచ్చాయి. పెళ్లికూతురు లేవాల్సిన చోట మాత్రం గీత నేలకి అంటుకుని తిన్నగా సాగిపోయింది, చిన్న బొడిపె కూడా లేదు. పాత తేనైనా, బాగా కాచిన తేనైనా పెళ్లికూతురు తగ్గిపోవడం కద్దు. అదన్నా అయితే బావుణ్ణనుకుంది. డబుల్ సార్ అదీ చూశాడు. తేనె తాజాది, కాచింది కాదు, చక్కెర కలిపింది అసలే కాదు. కల్తీ అన్న మాటే లేదు. కాకపోతే నారింజది కాదు.

మరి ఏ పువ్వుది? మైక్రోస్కోపు కింద పెడితే పుప్పొడి గింజలు బయటపడ్డాయి. ఎటు చూసినా మూడు మూలల గింజలే. వాసన గీతల్లో మిగిలినవాటిని, ఏ పువ్వువో ముందే తేల్చి ఫ్రిజ్‌లో దాచిన తేనెలతో ఒక్కొక్కటే పోల్చుకుంటూ వచ్చాడాయన. ఒకదాని దగ్గర రెండు చిత్రాలూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. జామాయిల్ పూల తేనె.

జామాయిల్ అంటే జలుబుకి రాసుకునే తైలం గుర్తొస్తుంది గానీ, ఆ వాసన ఆకుది. పువ్వు తేనెలో అది రాదు. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ పోల్చుకోలేదు. ఆ చుట్టుపక్కల జామాయిల్ చెట్టు అంటే ఒక్కటే, గోడవతల టైలరుది. ఎల్లుండి శుక్రవారం.

డబుల్ సార్ రెండోసారి చెయ్యనిదే సంతకం పెట్టనన్నాడు. గురువారమంతా మిషన్ మీద వేరే తేనెలున్నాయి. ఇక శుక్రవారం పొద్దున్నే.

గురువారం ఆ ఇంట్లో ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. మావయ్యకి కాళ్లు నేల మీద ఆనడం లేదు. రేపు ముద్రా వస్తుంది, చెట్టూ పోతుంది అని పెరట్లో ఈల వేసుకుంటూ తిరిగాడు. చెట్టు పోయాక ఆ మూల ఇంకో రెండు పెట్టెలు పెడతానని, ఎండ బాగా తగులుతుందని కోడలికి చూపించాడు. ఆయన తల మీదుగా ఈగలు గోడ దాటి పోతున్నాయి, గోడ దాటి వస్తున్నాయి. ఆమె కంటికి ఇప్పుడు అదే కనిపిస్తోంది. రోడ్డు వైపు ఒక్కటంటే ఒక్కటి పోవడం లేదు. ఇంట్లో కెమిస్టు ఉండి ఏం లాభం, ఇన్నేళ్లూ కళ్లు నెత్తి మీద పెట్టుకున్నానని తనని తానే తిట్టుకుంది.

చెట్టు ఉంటే నీడగా ఉంటుంది కదా మావయ్యా, పోనీ ఇంకో నెల ఆగమంటే పోలా అని మెల్లగా అంది. ఆయన పకపకా నవ్వి, టైలరుగానీ నీకు జాకెట్టు ఊరికే కుట్టిస్తానన్నాడా ఏంటి అన్నాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. రూలంటే రూలే అని మింగేసింది. రూలు కూడా అంత తేలిగ్గా గొంతు దిగలేదు. అత్తయ్య మాత్రం కోడలి మొహం చూసి, ఏంటే ముక్కూ, నూనె మళ్లీ పాతబడిందా అని అడిగింది.

శుక్రవారం మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని స్వయంగా లాబ్‌కే వచ్చేశాడు. సంఘంవాళ్లు పంపేదాకా ఆగడానికి ఓపిక లేదు, తేనె ఇచ్చినవాళ్లే వచ్చి అడిగితే లాబ్‌లో ఇస్తారని ఎక్కడో కనుక్కున్నాడు. డబుల్ సార్ అప్పుడే రెండో సంతకం ఆరబెడుతున్నాడు. కాగితం మావయ్య చేతికిచ్చి, అందులో ఏముందో మీ కోడలు చెబుతుంది అని కుర్చీ చూపించాడు.

మావయ్య చదివాడు. మళ్లీ చదివాడు. ముందు ఆయనకి నవ్వొచ్చింది. మీ మిషన్‌కి జలుబు చేసినట్టుంది, జామాయిల్ తైలం మీరే పట్టించి ఉంటారన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన మొహం ఎర్రబడింది. రోడ్డు దాటితే తోట, తోట నిండా పువ్వులు, నా ఈగలకి కళ్లు లేవా అన్నాడు.

ఆమె వాదించలేదు. రెండు చిన్న బుడ్లు తెచ్చి ఒకటి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదీ! ఇదే నా తేనె వాసన," అన్నాడాయన.

"అది తొక్కలో నూనె మావయ్యా. పువ్వు తేనెలో ఇంతగా రాదు. ఇప్పుడు ఇది చూడండి, నారింజ పువ్వు తేనెలో ఉండి తీరాల్సింది ఇది."

ఆయన రెండోది వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటి, ద్రాక్ష చాక్లెట్టులా ఉంది. ఈ వాసన మన తేనెలో ఎప్పుడూ లేదే."

"లేదు," అంది ఆమె మెల్లగా.

పొగ డబ్బాలో తొక్కల సంగతి ఆమె విడమరిచి చెప్పింది. ఎండు తొక్కల పొగ తేనెకి పట్టింది. అందరి ముక్కులూ దాన్ని పట్టుకునే ఊగాయి, తన ముక్కుతో సహా. అప్పుడు డబుల్ సార్ ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి, చెంచాతో కొంచెం ఆయన చేతిలో వేశాడు. మావయ్య నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం ఒక్కసారి విప్పారింది.

"ఇది నాదే. పొగ పట్టకముందు, పెట్టెలోంచి వేలితో తీసి నాకితే అచ్చం ఇదే రుచి. నాకు తెలీదా?"

డబుల్ సార్ సీసా తిప్పి పేరు చూపించాడు. ఎక్కడో దూరాన ఎవరిదో జామాయిల్ తోట తేనె. మావయ్య పేరు చదివి, వేలు ఇంకోసారి నాకాడు.

మరి తోట సంగతేంటి అన్నాడు. అప్పుడు డబుల్ సార్ అడిగాడు, ఆ తోట చెట్లకి పూత కాలంలో తెల్లటి వల కప్పుతారా అని. కప్పుతారు, పిట్టల కోసం అన్నాడు మావయ్య. పూతలో పిట్టలు తినేదేముంది అన్నాడు డబుల్ సార్. అవి గింజల్లేని నారింజలు. ఈగ వాలితే కాయల్లో గింజ పడుతుందని, పువ్వు రాలిపోయేదాకా వల తియ్యరు. మీ ఈగలు ఆ తోట మొహం కూడా చూసి ఉండవు.

మావయ్య కోడలి వైపు చూశాడు. కోడలు మావయ్య వైపు చూసింది. పూత కాలమంతా ఆ వల పక్కనుంచే వస్తూ పోతూ ఉంటారు ఇద్దరూ. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అమ్మాయ్," అన్నాడు. "చెట్టు."

అప్పటికి వచ్చిన బస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు మీద నిలబడినవాళ్లకి ఎన్నేళ్లు చివాట్లు పెట్టాడో, ఇప్పుడు ఆయనే ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చాడు. ఆ బస్సు కండక్టరు లోపలికి జరగమంటుంటే తలకాయ ఊపాడే గానీ జరగలేదు. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడని ఆమెకి అర్థమైంది.

వీధి మొదట్లోకి రాగానే కొమ్మలు నరికే చప్పుడు వినిపించింది. చెట్టుకి తాళ్లు కట్టేశారు. ఒకడు పైకెక్కి చిన్న కొమ్మలు దించుతున్నాడు, కింద పెద్ద రంపం సిద్ధంగా ఉంది. మావయ్య తన ఇంటి గేటు దాటి, టైలరు గేటు తోసుకుని లోపలికి పోయాడు. ఆ గేటు ముట్టుకుని ఎంత కాలమైందో. పైనున్నవాడికి చేత్తో ఆగమని సైగ చేశాడు, బస్సు ఆపడానికి చేసినట్టే. వాడు ఎందుకో ఆగాడు.

టైలరు మెడలో టేపుతో బయటికి వచ్చాడు. "ఏం కండక్టరూ, కొట్టడం కూడా నీకు నచ్చలేదా?"

బస్సులో కూడబలుక్కున్నదంతా మావయ్యకి ఎక్కడికి పోయిందో. నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. ఇది మిషన్ చెప్పగలిగింది కాదు, తను చెప్పాల్సింది అంతకన్నా కాదు.

"చెట్టు కొట్టించకు," అన్నాడు చివరికి.

"కొట్టమని పోరింది నువ్వే కదయ్యా."

"నేనే. నా తేనె నారింజది కాదు. నీ చెట్టుది. మొదటి నుంచీ అంతే."

టైలరు చెట్టు వైపు చూశాడు, గోడ మీదుగా పోతున్న ఈగల వైపు చూశాడు. నవ్వుతాడేమో, ఎగతాళి చేస్తాడేమో అనుకుంది ఆమె. ఆయన నవ్వలేదు. ఆ చెట్టంటే ఆయనకీ ప్రాణమే. ఎండాకాలం మిషన్ ముందు కూర్చోగలుగుతున్నాడంటే ఆ నీడ వల్లే. అది పోతుందని రెండు రోజులుగా సరిగా తిండి కూడా తినలేదని అత్తయ్య తర్వాత చెప్పింది. కానీ మరీ అంత తేలిగ్గా లొంగితే టైలరెలా అవుతాడు?

"మరి ఆకులు?"

"ఊడ్చుకుంటా."

"బెరడు?"

"అదీ."

టైలరు టేపు మెడలోంచి తీసి తాపీగా చుట్ట చుట్టాడు. "నా వైపు రాలేవి?"

ఇక్కడ మావయ్య కొంచెం ఆగాడు. ఇన్నేళ్ల పౌరుషమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఆమెకి అది స్పష్టంగా కనిపించింది. "అవీ నేనే ఊడుస్తా," అన్నాడు.

తాళ్లు విప్పేశారు.

మర్నాడు పొద్దున ఆమెకి చీపురు చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీ తీస్తే గోడవతల మావయ్య నడుం వంచి టైలరు పెరడు ఊడుస్తున్నాడు, పంచె పైకి ఎగ్గట్టి మరీ. టైలరు కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని, కుట్టడం మానేసి అజమాయిషీ చేస్తున్నాడు. ఆ మూల వదిలేశావు, కుండీ వెనకాల చూడలేదు అంటున్నాడు. మావయ్య చూశాను, చూశాను అని విసుక్కుంటున్నాడు గానీ, వెళ్లి కుండీ జరిపి మరీ ఊడుస్తున్నాడు. చెట్టు మీద ఈగలు ఝుమ్మంటున్నాయి.

అత్తయ్య కాఫీ గ్లాసు పట్టుకుని కోడలి పక్కకి వచ్చి నిలబడింది. "పెళ్లైన దగ్గర్నుంచీ మన వాకిలి ఒక్కనాడు ఊడ్చిన పాపాన పోలేదే ఈ మనిషి," అంది. మాట అలా అందే గానీ మొహం నిండా నవ్వే. ముక్కుకి కడుపు నిండిపోయింది.

గోడవతల టైలరు ఇంకో స్టూలు బయటికి లాగి వేశాడు. "ఇక చాల్లే, కూర్చో. రేపు కాస్త పెందలాడే రా."

"వస్తాలేవయ్యా," అని మావయ్య చీపురు చెట్టుకి ఆనించి కూర్చున్నాడు.